ఆరుసార్లు చిరిగిన జల్లెడ

2023 ఏప్రిల్. గుంటూరు దాటి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు మీద ఒక కారం ఫ్యాక్టరీ. అందులో నేను మెటీరియల్స్ ప్లానర్‌ని. పేరు సువార్త, ఊరు పెదకాకాని పక్కన ఒక పల్లె. మా అమ్మ చాలా ఏళ్ళు మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్ళింది. ఆ ఘాటుకు తుమ్ముకుంటూ చదివించిన కూతురు అదే ఘాటులో ఏసీ గదిలో కూర్చుని ఉద్యోగం చేస్తోందని ఆవిడకు మహా గర్వం.

మెటీరియల్స్ ప్లానర్ అంటే ఏం చేస్తారని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. పెళ్ళి వంటకు సరుకుల చీటీ రాసే మనిషి ఉంటాడు కదా, అలాంటి పనే. ఫ్యాక్టరీకి ఏ వస్తువు ఎంత కావాలో, ఎప్పటికి కావాలో చూసి, మిషను ఆగకముందే అది గేటు లోపలికి వచ్చేలా చూడాలి. ఎండుమిర్చి దగ్గర నుంచి ప్యాకెట్ల కవర్లు, గోతాలు కుట్టే దారం, మిషన్ బెల్టులు, బేరింగుల దాకా అన్నీ నా నెత్తినే. సరిగ్గా చేసినంత కాలం మనమొకరం ఉన్నామని ఎవరికీ గుర్తుండదు. ఒక్కటి తప్పితే మాత్రం ఎం.డి. గారి దగ్గర నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ మన పేరే గుర్తొస్తుంది.

మా దగ్గర మొదట్లో అంతా ఫోర్‌కాస్ట్ మీద నడిచేది. అంటే వచ్చే నెల ఎంత అమ్ముడుపోతుందో ముందే ఊహించి సరుకు తెప్పించడం. సేల్స్ వాళ్ళు చెప్పే అంకెలో ఆశ పాలు ఎక్కువ. ఎందుకైనా మంచిదని డిపో వాళ్ళు దానికి కాస్త కలిపేవారు. ప్రొడక్షన్ వాళ్ళు ఇంకాస్త కలిపేవారు. చివరికి నా దగ్గరికొచ్చేసరికి ఆంధ్రదేశమంతా మూడు పూటలా కారమే తింటుందన్నంత అంకె తయారయ్యేది. ఒక ఏడాది దీపావళి బొమ్మ వేసిన కవర్లు ఉగాదికి కూడా మిగిలాయి. గోడౌన్ నిండా సరుకు ఉండేది, అడిగిన వస్తువు మాత్రం దొరికేది కాదు.

అందుకని 2022లో డిమాండ్ డ్రివెన్ ప్లానింగ్‌కి మారాం. పేరు పెద్దదే గానీ విషయం చిన్నది. ఊహను పక్కనపెట్టి వాడకాన్ని చూడటం. ఇంట్లో బియ్యం డబ్బాలో గ్లాసు అడుగుకు తగిలినప్పుడు బస్తా తెప్పిస్తాం చూశారూ, అదే. ప్రతి వస్తువుకూ బఫర్ అని కొంత నిల్వ పెట్టుకుంటాం. అది నిండుగా ఉంటే కంప్యూటర్లో ఆకుపచ్చ, తగ్గితే పసుపు, అడుగంటితే ఎరుపు. పసుపులోకి రాగానే ఆర్డరు వెళ్తుంది. వాడకం పెరిగితే బఫర్ పెరుగుతుంది, తగ్గితే దానంతటదే తగ్గుతుంది. స్టోర్స్ గోడకు పెద్ద తెర పెట్టించి ఈ రంగులన్నీ అందులో కనబడేలా చేయించాను. ఎవరైనా ఫ్యాక్టరీ చూడటానికి వస్తే ముందు ఆ తెర దగ్గరికే తీసుకెళ్ళేదాన్ని. నా వంట నేనే మెచ్చుకునే రకాన్ని, దాచుకోవడమెందుకు.

ఆ తెరను ఏమాత్రం మెచ్చుకోని మనిషి ఒకరే ఉండేవారు. మస్తాన్ గారు, గ్రైండింగ్ మేస్త్రి. అరవైకి దగ్గరపడిన మనిషి. మిషన్ చప్పుడు విని, లోపలి కాయ తేమగా ఉందో, ఎండిందో చెప్పేవారు. నా తెర వంక ఓరగా చూసి, "బాగుందమ్మా, క్రికెట్ మ్యాచ్ కూడా వస్తుందా ఇందులో?" అని అడిగేవారు.

ఇక జల్లెడ సంగతి. మా మిషన్లో వాడే జల్లెడ ఇంట్లో పిండి జల్లించేది కాదు. వంపు తిరిగిన స్టీలు రేకు, దాని నిండా సన్నటి రంధ్రాలు. లోపల సుత్తులు కాయను కొట్టి పొడి చేస్తుంటే, ఆ రంధ్రాల్లోంచి పట్టే పొడే బయటికి వస్తుంది. రంధ్రం ఎంత సన్నగా ఉంటే కారం అంత మెత్తగా ఉంటుంది. అంత సన్నటి రంధ్రాలు గుంటూరులో కొట్టేవాళ్ళు లేరు. వేరే రాష్ట్రం నుంచి రావాలి. ఆర్డరు పెట్టిన దగ్గర నుంచి చేతికొచ్చే దాకా మూడు వారాలు పడుతుంది. దాన్ని మా భాషలో లీడ్ టైమ్ అంటాం. పాత జల్లెడ అప్పగిస్తేనే స్టోర్స్ నుంచి కొత్తది ఇవ్వాలని రూలు కూడా నేనే పెట్టాను.

2022 చివర్లో జల్లెడల వాడకం ఉన్నట్టుండి పెరిగింది. రెండు వారాలకొకటి చొప్పున మస్తాన్ గారు చిరిగినదాన్ని తెచ్చి కొత్తది తీసుకెళ్ళేవారు. ఎందుకు చిరుగుతున్నాయని నేను తెగ ఆలోచించి, ఈసారి కాయల్లో రాళ్ళు ఎక్కువగా వస్తున్నాయని తేల్చాను. గ్రాఫు గీసి ఎం.డి. గారికి చూపించాను. కాయ నిల్వచేసే కోల్డ్ స్టోరేజి వాళ్ళకు ఘాటుగా ఒక ఉత్తరం కూడా రాశాను. వాళ్ళు పాపం ఏమీ అర్థంకాక, క్షమించండి, ఇకమీదట జాగ్రత్తగా ఉంటామని జవాబు రాశారు. ఆ తర్వాత జనవరి నుంచి జల్లెడలు చిరగడం ఆగిపోయింది. నా ఉత్తరం పనిచేసిందని మురిసిపోయాను. వాడకం తగ్గింది కాబట్టి కంప్యూటర్ కూడా బఫర్‌ను రెండుకు దించేసింది. రెండు ఉన్నాయి, తెర మీద ఆకుపచ్చ. అంతా సవ్యంగా ఉందనుకున్నాను.

ఏప్రిల్లో పచ్చళ్ళ కంపెనీ ఆర్డరు వచ్చింది. ఆవకాయ సీజను. మామూలుకంటే మెత్తటి కారం కావాలన్నారు, అంతకుముందు మేమెప్పుడూ పంపనంత సరుకు. ఎం.డి. గారు మీటింగులో తేల్చి చెప్పేశారు. "ఈ ఒక్కటీ నిలబెట్టుకుంటే వాళ్ళు ఏడాదంతా మన దగ్గరే తీసుకుంటారు. రెండో లైను నడుస్తుంది. లేదంటే మే నెలతో దాన్ని మూసేద్దాం." రెండో లైనంటే ఒక మిషను ఒక్కటే కాదు. దాని మీద తొడిమలు తీసేవాళ్ళు, ప్యాకింగ్ వాళ్ళు కలిపి ముప్ఫై మంది ఆడవాళ్ళు. ప్యాకింగ్ సూపర్‌వైజర్ మరియమ్మ మీటింగు అయ్యాక నా గదికొచ్చింది. "సరుకులన్నీ చూసుకున్నారు కదా మేడం" అని మాత్రం అంది. చూసుకున్నానని తెర వైపు చెయ్యి చూపించాను.

మిషన్లు మూడు షిఫ్టులు తిరగడం మొదలుపెట్టాక వారంలో రెండు జల్లెడలూ అయిపోయాయి. తెర ఎర్రబడింది. ఆర్డరు పెట్టాను గానీ మూడు వారాలు కదా. సోమవారం పొద్దున్నే ఒక మిషన్లోకి ఎక్కడి నుంచో మేకు ముక్క పోయి జల్లెడ నిలువునా చీలింది. రెండో మిషన్లోది అరిగిపోయి బరక వదులుతోంది. బుధవారం సాయంత్రానికి లారీ బయల్దేరాలి. పచ్చళ్ళ కంపెనీ ఆయనకు ఫోన్ చేసి రెండు రోజులు గడువు అడిగాను.

"మేడం, మామిడికాయ ముక్కలు కొట్టించేశాక అవి మీ కారం కోసం కూర్చోవండి. బుధవారం దాటితే వేరేచోట తీసుకుంటాం, ఏమీ అనుకోకండి" అన్నాడాయన, చాలా మర్యాదగా.

పక్క ఫ్యాక్టరీలను అరువడుగుదామంటే వాళ్ళ మిషన్ల కొలతలు వేరు. నేను పరుగున గ్రైండింగ్ షెడ్డులోకి వెళ్ళేసరికి మస్తాన్ గారు నింపాదిగా టీ తాగుతున్నారు.

"కంగారుపడకండమ్మా. ఉన్నాయి."

"ఏమున్నాయి?"

"జల్లెడలు. ఆరు ఉన్నాయి. నేను దాచాను" అని, గ్లాసు కింద పెట్టి తాలు షెడ్డు వైపు నడిచారు.

తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. ఏరి పక్కన పడేస్తాం. దాన్ని గోతాల్లో కట్టి వెనక షెడ్డులో వేస్తే ఎప్పుడో ఒకసారి వ్యాపారి వచ్చి తీసుకెళ్తాడు. అటువైపు ఎవరూ తొంగి చూడరు. తాలు గోతాల్లోకి చెయ్యి పెట్టే మనిషి మా జిల్లాలో లేడు. ఏదైనా దాచుకోవడానికి అంతకంటే భద్రమైన చోటు ఫ్యాక్టరీలో ఉండదు. మస్తాన్ గారి వెనకాలే నేనూ షెడ్డుకు వెళ్ళాను. షెడ్డు శుభ్రంగా ఊడ్చి ఉంది. ఒక్క గోతం కూడా లేదు.

మస్తాన్ గారు నా వైపు తిరిగారు. "ఏవమ్మా నా గోతాలు?"

పచ్చళ్ళ ఆర్డరు సరుకు పెట్టుకోవడానికి చోటు కావాలని తాలంతా పంపేయమన్నది నేనే. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి గేట్ పాస్ మీద సంతకం పెట్టిందీ నేనే. గోతాలు మోసినవాళ్ళను అడిగితే, ఒకటి బాగా బరువుగా ఉందని, లోపల చెమ్మ చేరిందనుకున్నామని చెప్పారు.

అద్దంకిలో ఉన్న తాలు వ్యాపారి వీరయ్య గారికి ఫోన్ చేశాను. "మా బండి ఇంకా రాలేదమ్మా. ఆ శ్రీను గాడు ఫోన్ ఎత్తి చస్తేగా. ఇల్లు కట్టుకుంటున్నాడు, వంటగదికి గట్టు రాయి కావాలని వారం నుంచి నా ప్రాణం తీస్తున్నాడు. మార్టూరులో ఆగి ఉంటాడు చూడండి" అన్నారాయన.

డ్రైవరుతో ఫ్యాక్టరీ జీపు తీసుకుని నేను, మస్తాన్ గారు బయల్దేరాం. ఎండ మండిపోతోంది. రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. పత్తి చేలల్లో కట్టె పీకేసి కుప్పలు వేశారు. చిలకలూరిపేట దాటాక, చివరికి నేనే అడిగాను.

"ఆరు జల్లెడలు మీకెలా వచ్చాయి మస్తాన్ గారూ? పాతది ఇస్తే గానీ కొత్తది ఇవ్వరు కదా."

"ఇచ్చాను కదమ్మా పాతది."

"ఆరూ చిరిగాయా?"

"చిరిగింది ఒకటే, అదీ ఎప్పుడో చిరిగి స్క్రాపులో పడున్న పాతది." ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు. "అది ఇచ్చి కొత్తది తీసుకునేవాణ్ణి. మీవాళ్ళు చిరిగినదాన్ని మా షెడ్డు వెనకే స్క్రాపులో పడేసేవాళ్ళు. సాయంత్రం పోయి మళ్ళీ తెచ్చుకునేవాణ్ణి. ఇంకో రెండు వారాలాగి మళ్ళీ ఇచ్చేవాణ్ణి. ఆరుసార్లు చిరిగింది పాపం."

నా గ్రాఫు కళ్ళ ముందు తిరిగింది. కాయల్లో రాళ్ళు, కోల్డ్ స్టోరేజికి ఉత్తరం, వాళ్ళు చెప్పిన క్షమాపణ, అన్నీ. కోపం రావాల్సింది పోయి నవ్వు వచ్చేసింది. డ్రైవరు కూడా నవ్వు ఆపుకోలేక జీపును కాస్త పక్కకు తిప్పాడు. మస్తాన్ గారు మాత్రం నవ్వలేదు.

"ఎందుకు దాచారు మరి? తెర మీద కనబడుతోంది కదా, అయిపోతుంటే తెప్పిస్తున్నాం కదా" అన్నాను.

ఎప్పుడూ మీరు అని పిలిచే మనిషి, ఆ రోజు నువ్వు అన్నారు. "నువ్వొచ్చిన మొదటేడు గుర్తుందా అమ్మా? స్టోర్స్‌లో దండగ సరుకు ఉండకూడదన్నావు. జల్లెడ ఒక్కటి చాలన్నావు. అది చిరిగింది. మిషను నాలుగు రోజులు ఆగింది. పని లేదని తొడిమలవాళ్ళను గేటు దగ్గర్నుంచే పంపేశారు. వాళ్ళు రోజూ పొద్దున్నే వచ్చేవాళ్ళు. ఇవాళైనా ఉందా మస్తాన్ భాయ్ అని నన్నడిగేవాళ్ళు. నిన్నెవరూ అడగలేదు. నీ గదికి వాళ్ళు రారు కదా."

నాకు ఆ నాలుగు రోజులూ గుర్తే లేవు. రిపోర్టులో రాసింది మాత్రం గుర్తుంది. 'లీడ్ టైమ్ ఆలస్యం, నాలుగు రోజులు' అని ఒక్క లైను రాసి కాగితం తిప్పేశాను. ఆ ఏడాది నిల్వలు తగ్గించానని నాకు శాలువా కూడా కప్పారు. గేటు దగ్గర్నుంచి తిరిగి వెళ్ళిపోయిన వాళ్ళలో మా అమ్మ లాంటివాళ్ళే ఉండి ఉంటారు. పని లేదని తెలిశాక ఎండలో నడిచి ఇంటికొచ్చి, మాతో ఏమీ చెప్పకుండా మంచినీళ్ళు తాగి కూర్చునే మా అమ్మను నేను చిన్నప్పుడు చాలాసార్లు చూశాను. జీపులో నాకు చాలా సిగ్గేసింది. "నాకు చెప్పొచ్చు కదా" అన్నాను.

"చెప్తే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్ని కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మార్టూరులో రోడ్డు పక్కనంతా రాళ్ళు కోసే, మెరుగుపెట్టే షెడ్లే. మూడో షెడ్డు ముందు వీరయ్య గారి బండి కనబడేసరికి ప్రాణం లేచివచ్చింది. శ్రీను అనే ఆ డ్రైవరు షెడ్డు యజమానితో గొడవ పడుతున్నాడు. రాయి నల్లగా ఉందని ఒకరు, నలుపే అడిగావని ఇంకొకరు. కొన్న రాయి అప్పటికే బండి మీద ఉంది. పొడుగాటి గ్రానైట్ పలక, ఇద్దరు మనుషులు కూడా లేపలేనిది. అది కదిలి విరక్కుండా కింద మెత్తగా ఉంటుందని తాలు గోతాలను పరుపులా సర్ది, వాటి మీద పడుకోబెట్టాడు.

మస్తాన్ గారు జీపు ఆగకముందే దూకేశారు. "ఒరేయ్ శ్రీనూ! ఆ రాయి దించరా ముందు!"

"ఏంది మేస్త్రీ, ఇప్పుడేగా ఎక్కించింది! నలుగురం పట్టాం!"

"ఇప్పుడు ఆరుగురం పడతాం, దించు! దాని కింద మా మిషన్ ఉందిరా!"

శ్రీను కళ్ళు తేలేశాడు. "తాలు గోతంలో మిషనేంది మేస్త్రీ, ఎండదెబ్బ తగిలిందా?"

షెడ్డులో పనిచేసేవాళ్ళంతా వచ్చారు. నేనూ ఒక కొస పట్టుకున్నాను. పట్టుకున్నానే గానీ ఎవరికీ ఒరిగింది లేదు. రాయి దిగింది. మస్తాన్ గారు గోతాలను ఒక్కొక్కటే తిప్పుతూ పచ్చ పురికొసతో మూతి కట్టిన గోతాన్ని పట్టుకున్నారు. తాలంతా అక్కడే కింద పోసి, లోపలి నుంచి ఒకదానిలో ఒకటి ఇమిడిన ఆరు జల్లెడలను తీశారు. అందరికీ తుమ్ములే తుమ్ములు. రాయి బరువుకు పైన మూడు చపాతీల్లా అణిగిపోయాయి. అడుగున ఉన్నది ఒక అంచు నొక్కుకుపోయింది. ఆయన వాటిని పక్కన పడేసి, మధ్యలో మిగిలిన రెండింటినీ ఒక్కొక్కటిగా ఎండకు ఎత్తి, రంధ్రాల్లోంచి చూశారు. ఆయన ముఖం మీద సన్నటి వెలుగు చుక్కలు పడ్డాయి. వంపు చెక్కుచెదరలేదు.

"రెండు బావున్నాయమ్మా" అన్నారు.

మాకు కావాల్సింది రెండే. నేను రోడ్డు మీద అందరూ చూస్తుండగా చప్పట్లు కొట్టేశాను. అసలు సంగతి ఏమిటో తెలియకపోయినా షెడ్డువాళ్ళు కూడా కొట్టారు. శ్రీను మాత్రం, "మరి నా రాయి మళ్ళీ ఎవరు ఎక్కిస్తారు?" అన్నాడు. ఎక్కించాకే కదిలాం, అది మా బాధ్యత కదా.

మూడు గంటలకల్లా రెండు మిషన్లూ తిరిగాయి. బుధవారం మధ్యాహ్నం లారీ గేటు దాటింది. మర్నాడు పచ్చళ్ళ కంపెనీ ఆయన ఫోన్ చేసి, కారం వెన్నలా ఉందని, వచ్చే నెల నుంచి ప్రతి నెలా పంపమని చెప్పాడు. రెండో లైను నిలబడింది. మరియమ్మ నా గది గుమ్మం దాకా వచ్చి, నవ్వి, వెళ్ళిపోయింది.

జల్లెడలు ఎక్కడి నుంచి వచ్చాయని ఎం.డి. గారు అడగకుండా ఉంటారా. నేను నోరు తెరిచేలోగా మస్తాన్ గారే చెప్పేశారు. "నేనే దాచానండి. తప్పు నాదేనండి." నేను, "దాచుకునేలా చేసింది నేనండి" అన్నాను. ఆరుసార్లు చిరిగిన జల్లెడ కథ మొత్తం చెప్పాను, గ్రాఫుతో సహా. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, "ముందు ఆ కోల్డ్ స్టోరేజి వాళ్ళకు ఇంకో ఉత్తరం రాయమ్మా" అన్నారు. రాశాను. నా ఉద్యోగంలో అంత కష్టపడి రాసిన ఉత్తరం ఇంకోటి లేదు.

ఆ వారమే పద్ధతి మార్చాం. జల్లెడలను స్టోర్స్‌లో పెట్టడం మానేసి, మిషన్ పక్క గోడకు ఐదు మేకులు కొట్టి వాటికే తగిలించాం. తాళం లేదు, చీటీ లేదు. మస్తాన్ గారికి కావాల్సినప్పుడు తీసుకుంటారు. మేకు ఖాళీ అయితే అదే నాకు కబురు, కొత్తదానికి ఆర్డరు పెడతాను. చిరిగినదాన్ని మాత్రం ఆయన ముందే రెండు ముక్కలుగా కోయించేస్తాను. ఈ సంగతి అన్నప్పుడు, "మంచిదమ్మా, దానికి కూడా విశ్రాంతి కావాలి" అన్నారు. డిమాండ్ డ్రివెన్ గురించి నేను చదువుకున్నదంతా ఆ ఐదు మేకుల్లో ఉంది. నేను చదవనిది ఒకటుంది. స్టోర్స్ నుంచి బయటికి వెళ్ళిందంతా వాడకం కాదు. అందులో భయం కూడా ఉంటుంది. కంప్యూటర్‌కి ఆ రెండింటికీ తేడా తెలియదు, నాకు తెలిసి ఉండాల్సింది. మనిషికి రేపు దొరుకుతుందన్న నమ్మకం లేనప్పుడు ఇవాళే రెండు తీసుకుంటాడు. ఆ రెండును చూసి మనం నాలుగు తెప్పిస్తాం. మన అంకెలన్నీ నిజాయితీగా అబద్ధం చెబుతాయి.

మస్తాన్ గారొక్కరే దాచారా అన్న అనుమానం నన్ను వదల్లేదు. అన్ని షెడ్లకూ వెళ్ళి నేనే చెప్పాను. ఎవరి దగ్గర ఏమున్నా తెచ్చి ఇవ్వండి, ఎక్కడిదని అడగను, ఎవరినీ ఏమీ అనను అని. రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు ఎలక్ట్రీషియన్ సుబ్బారావు ఒక పాత బిస్కెట్ డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టి, నా ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. దాని నిండా ఫ్యూజులు. ఆ సాయంత్రానికి బెల్టులు వచ్చాయి, బేరింగులు వచ్చాయి, గోతాలు కుట్టే సూదులు చీరకొంగు ముడుల్లోంచి వచ్చాయి. కప్‌బోర్డుల వెనక నుంచి, అన్నం క్యారియర్ల సంచుల్లోంచి, చచ్చిపోయిన ఒక మిషన్ పొట్టలోంచి వచ్చాయి. నా బల్ల నిండి కుర్చీ మీదకు, కుర్చీ నిండి నేల మీదకు కుప్ప పడింది. అందులో ఒక్కటీ ఇంటికి తీసుకెళ్ళినది లేదు. అన్నీ ఫ్యాక్టరీ పని ఆగకూడదని దాచినవే. అవన్నీ నా మీద నమ్మకం లేక దాచినవని ఆ కుప్ప చూస్తుంటే అర్థమైంది. అయినా పైకి మాత్రం, "స్టోర్స్ ఇదా, అదా?" అని అందరినీ నవ్వించాను.

అందరికంటే చివర మరియమ్మ వచ్చింది. ప్యాకెట్ మూతి అతికించే సీలింగ్ మిషన్ టేపు చుట్టలు, ఒక గుడ్డ సంచీ నిండా. సంచీని బల్ల మీద పెట్టింది గానీ చెయ్యి తియ్యలేదు.

"ఎప్పుడు అడిగినా ఇస్తారుగా మేడం?"

"ఇస్తాను మరియమ్మా."

"తప్పకుండా ఇస్తారుగా?"

"తప్పకుండా."

చెయ్యి తీసింది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నేనే వెళ్ళి స్టోర్స్ కిటికీ తెరవగానే మొదట నిలబడింది ఆమే. ఒక టేపు చుట్ట కావాలంది. ఆమె మిషన్‌కి కొత్త టేపు వేసి రెండు రోజులు కూడా కాలేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఎందుకని అడగలేదు, చీటీ రాయమనలేదు. తీసి చేతిలో పెట్టాను. సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆ చుట్టను విప్పకుండానే తెచ్చి తిరిగి ఇచ్చేసింది.